జగపతి రావు గారి కుడి కన్ను

"నాయకులు గుండె చీల్చి చూపిస్తమంటరు. ఒక్కడన్న చూపిచ్చిండా? నేను కన్ను తెరిచి చూపిస్త!"

జగిత్యాల ప్రెస్ మీట్‌లో మాజీ ఎమ్మెల్యే జగపతి రావు గారు ఈ మాట అనగానే విలేకరులు టీ కప్పులు కింద పెట్టారు. పక్కనే నిలబడ్డ మహిపాల్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. ఆ మాట రాసింది ఆయనే. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. మాట మహిపాల్‌ది, నోరు జగపతన్నది, చప్పట్లు మళ్లీ మహిపాల్‌వే. మొదట జెండాలు కట్టే కార్యకర్త, తర్వాత ప్రచార కార్యదర్శి, ఇప్పుడు అధికార ప్రతినిధి. హోదా పెరిగినప్పుడల్లా సిరిసిల్లలో తన ఇంటికి వెళ్లే రోజులు తగ్గుతూ వచ్చాయి. అంతకు మించిన తేడా ఆయనకే కనిపించలేదు.

ఇంతకూ కన్ను సంగతి ఎందుకు వచ్చిందంటే, ఎమ్మెల్సీ టికెట్ కోసం. అదే టికెట్ అడుగుతున్న భాస్కర్ హైదరాబాద్ వెళ్లి పార్టీ పెద్దలకు "పెద్దాయనకు డెబ్బై దాటినయి, మెట్లెక్కితె ఆయాసం" అని చెప్పి వచ్చాడు. ఆరోగ్యం నిరూపించుకుందామంటే రక్తపరీక్షకు సూది గుచ్చాలి. అన్నకు సూదంటే భయం. అప్పుడే మహిపాల్ ఎక్కడో చదివాడు, కంటి లోపలి పొర మీది రక్తనాళాలను ఫొటో తీస్తే వయసు మళ్లినవాళ్ల బీపీ, షుగరు, గుండె, కిడ్నీల పరిస్థితి బయటపడుతుందని. గుచ్చేది లేదు, కోసేది లేదు. పారదర్శక రాజకీయాలకు ఇంతకంటే మంచి మిషన్ దొరకదని ప్రెస్ నోట్ రాసేశాడు.

కోరుట్లలో వృద్ధులకు ఉచిత కంటి శిబిరం ఖాయమైంది. మొదటి కన్ను జగపతి రావు గారిది.

ఆ ఉదయం మేడిపల్లి దగ్గర కారు ఆపించి అన్న మిర్చి బజ్జీలు తెప్పించుకున్నారు. సగం పొట్లం అయ్యాక ఆయనకు అనుమానం వచ్చింది.

"అరే మహిపాల్, గా ఫొటోల మనం తిన్నది గిట్ల కనవడ్తదా?"

"బజ్జీలు కనవడయన్నా. ఇన్నేండ్ల సంది తిన్నది, తాగింది మాత్రం కనవడ్తదంట."

అన్న నమలడం ఆపారు. "గీ ముచ్చట ముందుగాల జెప్పొద్దార?"

మహిపాల్ తల దించుకున్నాడు. ప్రెస్ నోట్‌లో ఆ పేరా తీసేసింది తనే.

"కన్నుకు మొకముంటదా?" అన్నారు అన్న కాసేపటికి.

"ఉండదన్నా."

"పేరుంటదా?"

"మనం రాస్తె ఉంటదన్నా."

"అయితె నీ కన్ను పెట్టు. నువ్వు ఉప్మా తిని బతికెటోనివి. నీకేం రోగముంటది?"

మహిపాల్ నినాదాలకు గొంతు ఇచ్చాడు, ఊరేగింపులకు భుజం ఇచ్చాడు, ధర్నాలకు వీపు ఇచ్చాడు. ఒంట్లో అన్నకు పనికొచ్చేది ఇంకా ఒకటి మిగిలిందని తెలిసి మురిసిపోయాడు. తను ఎన్నడూ పరీక్షలు చేయించుకోలేదు. రోగం రావడానికైనా కొంచెం తీరిక ఉండాలి కదా. ఈ మధ్య పేపరు చదువుతుంటే అక్షరాల మధ్య నల్లటి చుక్కలు కనిపిస్తున్న మాట నిజమే. అది ప్రింటింగ్ లోపమని పత్రిక ఆఫీసుకు ఫోన్ చేసి తిట్టాడు కూడా.

కోరుట్ల ఫంక్షన్ హాల్ కిక్కిరిసిపోయింది. వేదిక పక్కన తెర కట్టిన చీకటి గది, అందులో కెమెరా మిషన్, దాని వెనక టెక్నీషియన్ సాగర్. అన్న కూర్చుని గడ్డం ఆనించి కుడి కన్ను తెరిచారు. ఫ్లాష్ వెలిగింది. విలేకరులు ఫొటోలు తీసుకున్నాక తెర పడింది, మహిపాల్ కూర్చున్నాడు. మళ్లీ ఫ్లాష్ వెలిగింది.

"రెండోది అన్న పేరు మీద, మొదటిది నా పేరు మీద పెట్టు తమ్మీ," అన్నాడు మహిపాల్.

సాగర్ తలూపాడు. వాళ్ల బావ బదిలీ సంగతి అన్న చేతుల్లో ఉంది.

పెద్ద తెర మీద నారింజ రంగు గుండ్రం, దాని నిండా ఎర్రటి గీతలు వచ్చాయి. కింద జగపతి రావు గారి పేరు ఉంది. అన్న మైకు అందుకున్నారు. "సూడుండ్రి, నా రక్తం ఎంత ఎర్రగున్నదో! దాపరికం లేదు!"

కంటి డాక్టర్ భాగ్యశ్రీ మాత్రం తెర దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది.

"సార్, రక్తనాళాలు బాగా సన్నబడ్డాయి. ఈ చుక్కలన్నీ లోపల కారిన రక్తం. ఏళ్ల తరబడి షుగరు, బీపీ ఉండి మందులు వాడనట్టుంది. కిడ్నీలు కూడా చూడాలి. ఆలస్యం చేస్తే చూపు పోతుంది."

మహిపాల్‌కు నిజంగానే భయం వేసింది. కానీ ముప్పై ఏళ్ల అనుభవం ఊరికే పోతుందా, భయం కంటే ముందు రేపటి పేపరుకు హెడ్డింగు గుర్తొచ్చింది.

తర్వాతి ఫొటో వచ్చింది. డాక్టర్ ముఖం వెలిగింది. "ఇది మహిపాల్ గారిదట. ముప్పై ఏళ్ల వాళ్లకు కూడా ఇంత శుభ్రంగా ఉండదు. ఒక్క మచ్చ లేదు!"

జనం చప్పట్లు కొట్టారు. అన్న తన కన్ను ఇంకొకడి పేరు మీద వెళ్లిపోవడం చూస్తూ నిలబడ్డారు. వెంటనే కండువాతో కళ్లు ఒత్తుకున్నారు.

"జనం కష్టాలు సూసి సూసి గీ కన్ను గిట్లయింది. పోతె పోనియ్యి. మీ కోసమే పోతది!"

ముందు వరుసలో ఆడవాళ్లు ఏడ్చారు. "జగపతన్న కన్ను..." అని అరిచాడు మహిపాల్. "మనందరి కన్ను!" అంది హాల్. తన చూపు పోతుందని తెలిసి తనే నినాదం ఎత్తుకున్న మనిషి ఉమ్మడి జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఆ మాత్రం ఘనత ఆయనకు దక్కాలి.

వారం తిరక్కుండా సిరిసిల్లలో ప్రతి చౌరస్తాలో ఆ కన్ను ఫ్లెక్సీ ఎక్కింది. తన శరీరంలోని ఒక భాగానికి పాలాభిషేకం జరుగుతుంటే మహిపాల్ పక్కన నిలబడి ఏర్పాట్లు చూసుకున్నాడు. ఇంటికి అన్నానికి వెళ్లేసరికి భార్య మాధవి కూడా దిగులుగా ఉంది.

"గింత పాడైన కన్నుతోని పెద్దాయన ఎట్ల తిరుగుతున్నడయ్యా?"

"ప్రజల కోసం."

"మరి నువ్వేంది, గ్లాసు ఇడిసిపెట్టి పక్కకు నీళ్లు వోస్తున్నవ్?"

మహిపాల్ చెంబు కింద పెట్టాడు. ఆమెకు ఒక్కదానికి నిజం చెప్పాడు. మాధవి తిట్టలేదు, ఏడ్వలేదు. మరునాడు పొద్దున్నే బస్సెక్కించి కోరుట్ల తీసుకెళ్లింది.

"మీ కన్ను బంగారం మహిపాల్ గారు. అవసరమైనవాళ్లు లైన్లో ఉన్నారు, వాళ్లను రానివ్వండి," అంది డాక్టర్ భాగ్యశ్రీ.

"ఇంకోపారి తియ్యుండ్రి మేడం," అని మాధవి అక్కడే కూర్చుంది.

డాక్టర్ ఫొటో తీసింది. శిబిరం ఫొటోలు తెరిచి పక్కన పెట్టింది. అటు చూసింది, ఇటు చూసింది.

"రక్తనాళాల తీరు ఎవరిది వాళ్లకే ఉంటుంది. ఇది జగపతి రావు గారి కన్ను."

"పార్టీల అందరం ఒక్కటే మేడం," అన్నాడు మహిపాల్.

ఆమె మాత్రలు రాసింది. వచ్చే వారమే లేజర్ చేయాలంది. "ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. నిర్లక్ష్యం చేస్తే దీపావళికి దీపాలు కనిపించవు. నేను బెదిరించడం లేదు."

తిరుగు బస్సులో మల్యాల దాటేదాకా మహిపాల్ కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. తన కోసం తను ఏడవడం ఇదే మొదలు కాబట్టి సరిగ్గా రాలేదు. అయినా మనసు తేలికపడింది. ఇక చాలనుకున్నాడు. అన్నకు ఉన్నదున్నట్టు చెప్పేసి, ఇంటిపట్టున ఉండి, మందులు మింగి, మాధవి ముఖం చూస్తూ బతకాలనుకున్నాడు. ఆ మాట మాధవికి చెప్పాడు కూడా. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని బస్సు దిగేదాకా వదల్లేదు.

ఇంటికి చేరగానే మాధవి అరచేతిలో మాత్రలు, గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అప్పుడే ఫోన్ మోగింది. పార్టీ రాష్ట్ర ఆఫీసులోని పెద్ద సారు.

"మహిపాల్, జగపతి రావుకు రెస్టిద్దాం. పాపం, గా కన్నుతోని ఏం తిరుగుతడు? భాస్కర్‌ను కన్ను చూపియ్యమంటే ఫోనెత్తుతలేడు. నీ కన్ను చూసినం. గింత సాఫ్ కన్ను మన పార్టీల ఎవ్వలికి లేదు. మీ సిరిసిల్ల నేతన్నలు గూడ సంతోషపడ్తరు. టికెట్ నీకే. ఏమన్న రోగం గీగం ఉంటె ఇప్పుడే జెప్పు, తర్వాత ఇజ్జత్ పోవద్దు."

ఎదురుగా మాధవి చెయ్యి చాపి నిలబడే ఉంది. ఆ చేతిలో మాత్రలు ఎన్నున్నాయో ఆయనకు సరిగ్గా కనిపించలేదు.

"ఏం లేదు సార్. కన్ను మీరే సూసిండ్రు గదా."

ఫోన్ పెట్టేసేలోపే వీధిలో డప్పులు మొదలయ్యాయి.

"గవి లోపల పెట్టు," అన్నాడు మహిపాల్ కండువా సర్దుకుంటూ. "క్యాండిడేట్ ఇంట్ల మందులు కనవడొద్దు."

"మరెప్పుడు మింగుతవ్?"

"ఎలక్షన్లయినంక."

మాత్రలు మాధవి గుప్పిట్లోనే ఉన్నాయి. బయట ఆయన పేరుతో నినాదాలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్లలో మహిపాల్ తన పేరు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. సంతోషం ఆగలేదు. గబగబా వాకిట్లోకి వచ్చి, రెండు చేతులు జోడించి, దండెం మీద ఆరేసిన చీరలకు వంగి వంగి నమస్కారం పెట్టాడు.

మాధవి వెనకే వచ్చి, మోచెయ్యి పట్టుకుని, జనం ఉన్న దిక్కుకు ఆయనను తిప్పి నిలబెట్టింది.