సరస్వతీ ప్రసాదం అందుకున్న పిల్ల

పేదరికం వల్ల చదువు మానేసే తెలివైన పిల్లలు ఇకపైన ఈ రాష్ట్రంలో ఉండరని, ఉన్నా తాను ఉండనివ్వనని మంత్రి దామోదరం గారు 1979 జూన్‌లో తిరుపతి మైదానంలో ప్రకటించారు. టెన్త్‌లో గొప్ప మార్కులు తెచ్చుకున్న పేద పిల్లల కాలేజీ ఖర్చంతా సర్కారే భరించే ఆ పథకానికి 'సరస్వతీ ప్రసాదం' అని పేరు పెట్టింది కూడా ఆయనే. పేరు కుదిరాక మిగతా పథకం దానంతట అదే కుదురుకుందని ఆయన పి.ఎ. బాలసుబ్రమణ్యం పత్రికల వాళ్లకు చెప్పాడు.

తొలి లబ్ధిదారు నాగరత్న. టెన్త్‌లో జిల్లాకే ఫస్టు. తండ్రి మునెయ్య రైల్వే స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. కూతురు డాక్టరు చదవాలనుకుంటోందని తెలిసినప్పటి నుంచి ఆయన గుర్రంతో కూడా కాస్త మర్యాదగా మాట్లాడుతున్నాడు.

సభకని మునెయ్య కొత్త చొక్కా కుట్టించుకుని వచ్చాడు. బాలసుబ్రమణ్యం వేదిక మెట్ల దగ్గరే ఆపి, అది విప్పించి, జట్కా తోలేటప్పుడు తొడుక్కునేదాన్ని ఇంటి నుంచి తెప్పించాడు. పేదరికం చివరి వరసలో కూర్చున్నవాళ్లకు కూడా కనబడాలి కదా అని ఓపికగా విడమరిచాడు. మునెయ్యకు అది సబబుగానే తోచింది.

మంత్రిగారు రత్న చేతిలో పలకంత కవరు పెట్టారు. ఫొటోలు తీశారు. మెట్లు దిగగానే బాలసుబ్రమణ్యం ఆ కవరు వెనక్కి పుచ్చుకున్నాడు. అందులో ఏమీ లేదని, డబ్బు నేరుగా కాలేజీకే వస్తుందని, అయితే పిల్ల క్రమం తప్పకుండా క్లాసులకు వస్తోందని ప్రిన్సిపాలు సర్టిఫికెట్ ఇచ్చాకే వస్తుందని చెప్పాడు. ఆ షరతు మంత్రిగారు స్వహస్తాలతో చేర్చారట. ప్రజాధనం విషయంలో ఆయన అంత కచ్చితమైన మనిషి.

ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ప్రిన్సిపాలు శకుంతలమ్మ గారు ఫీజు సంగతి తర్వాత చూద్దామని రత్నను బైపీసీలో చేర్చుకున్నారు. ఆ వారంలోనే కాలేజీ గేటు ముందు మంత్రిగారి జీపు ఆగింది. పుత్తూరులో పథకం గురించి సభ. పథకం ఉంది, మంత్రిగారు ఉన్నారు, లబ్ధి పొందిన మనిషి లేకపోతే ఎలా? తర్వాత పలమనేరు. ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన దర్శనానికి వస్తే ఆయనకు చూపించడానికి తిరుమల. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒళ్లో జువాలజీ పుస్తకం పెట్టుకుని చదవబోయి రత్న రెండుసార్లు వాంతి చేసుకుంది. నాయుడుపేట మన జిల్లా కాదు, కానీ అక్కడ ఉప ఎన్నిక వచ్చింది. తెలివికి జిల్లా సరిహద్దులు ఉండవని మంత్రిగారు అక్కడ సెలవిచ్చారు.

ప్రతి సభలోనూ రత్న మాట్లాడాలి, వెనక మునెయ్య నిలబడాలి. ఉపన్యాసం బాలసుబ్రమణ్యం రాసిచ్చాడు. మొదట్లో అందులో "మంత్రిగారి దయవల్ల చదువుకోబోతున్నాను" అని ఉండేది. పలమనేరు నాటికి దాన్ని "చదువుకుంటున్నాను" అని దిద్దాడు. రత్న ఆ మాట మొదటిసారి మైకులో చెప్పిన రోజునే కాలేజీలో ఆమె క్లాసు పిల్లలు కప్పను కోశారు.

మునెయ్య చొక్కా ఆ తిరుగుళ్లకు తట్టుకోలేక చినిగిపోయింది. నాయుడుపేట సభకు ముందు పార్టీ ఖర్చుతో ఆయనకు ఇంకో పాత చొక్కా కొనిచ్చారు. కొత్తదే చవగ్గా దొరికేది. అయినా బాలసుబ్రమణ్యం ఖర్చుకు వెనుకాడలేదు.

తనకు క్లాసులు పోతున్నాయని రత్న ఒకసారి బాలసుబ్రమణ్యంతో చెప్పుకుంది.

"క్లాసు రోజూ ఉంటాది పాపా. సభ రోజూ ఉంటాదా?" అన్నాడాయన. మర్నాడు శ్రీకాళహస్తిలో సభ.

దసరా సెలవులయ్యాక శకుంతలమ్మ గారు రత్నను పిలిపించి హాజరు సగం కూడా లేదని చెప్పారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పేపర్లో రత్న ఫొటో వచ్చినప్పుడల్లా నోటీసు బోర్డుకు అంటించింది ఆవిడే. కానీ రాని పిల్ల వచ్చిందని రాసిస్తే తన ఉద్యోగం పోతుందని, మంత్రిగారితోనే చెప్పుకోమని అన్నారు.

తండ్రీ కూతుళ్లు మంత్రిగారు దిగిన గెస్టు హౌసుకు వెళ్లారు. మంత్రిగారు అంతా విన్నారు. విని నిజంగానే బాధపడ్డారు.

"చదువుకోమని డబ్బు ఇప్పిస్తా ఉంటే, కాలేజీకి పోకుండా యాడ తిరగతా ఉండావు పాపా?"

"మీ జీపులోనే సార్," అంది రత్న.

మంత్రిగారు బాలసుబ్రమణ్యం వైపు చూశారు. బాలసుబ్రమణ్యం ఫ్యాను వైపు చూశాడు.

"సర్కారు డబ్బు చదివే పిల్లలకమ్మా. సభలెంబడి తిరిగే పిల్లలకు కాదు. నేను రాసిన రూలు నేనే తప్పితే జనం ఏమనుకుంటారు?"

ఆ మాటలో తప్పెక్కడుందో మునెయ్యకు దొరకలేదు. ఇల్లు చేరేదాకా వెతుక్కుంటూనే ఉన్నాడు.

రత్న కాలేజీ మానేసింది. ఎరువు తెచ్చుకున్న పుస్తకాలు తిరిగిచ్చేసి, తల్లి పక్కన కూర్చుని అంగళ్లకు పూలు కట్టడం మొదలుపెట్టింది. ఆ వారమే పేపర్లో మంత్రిగారి గురించి పెద్ద అక్షరాలతో పడింది. తాను చేతులారా ఇచ్చిన తొలి గ్రాంటును తానే రద్దు చేసిన ధీరుడని రాశారు. ఇలాంటి నిక్కచ్చి మనిషికి సన్మానం చేయకపోతే జిల్లాకే అవమానమని చిత్తూరు పెద్దలు తీర్మానించారు.

బాలసుబ్రమణ్యం మళ్లీ వచ్చాడు. రత్న వేదిక మీదికొచ్చి తన పొరపాటు తెలుసుకున్నానని చెబితే సభకు నిండుదనం వస్తుందన్నాడు.

రత్న పూల మీంచి తలెత్తలేదు. "నేను రాను సార్. ఆ మాట మీరే చెప్పుకోండి."

ఆయనకు కోపం రాలేదు. సరేలే పాపా అని, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు.

సన్మానం రోజు పొద్దున్నే జట్కా స్టాండుకు లారీ వచ్చింది. ఎక్కనివాళ్లకు రేపటి నుంచి స్టాండులో చోటుండదని చెప్పారు కాబట్టి అందరూ అభిమానంతో ఎక్కారు. మునెయ్య కూడా ఎక్కాడు.

చిత్తూరు సభలో పూలదండలు అయ్యాక, సరస్వతీ ప్రసాదం తొలి లబ్ధిదారు కుమారి నాగరత్న ఇప్పుడు మాట్లాడుతుందని మైకులో చెప్పారు. కూతురు తనకు చెప్పకుండా ఏ బస్సులోనో వచ్చేసిందనుకుని మునెయ్య లేచి నిలబడ్డాడు.

తెల్లగా, బొద్దుగా ఉన్న ఒక అమ్మాయి వేదిక మీదికి వచ్చింది. మునెయ్య ఆమెను ఎప్పుడూ చూడలేదు. కష్టాలు తెలియని వయసులో దారి తప్పానని, మంత్రిగారు తండ్రిలా దండించి కళ్లు తెరిపించారని ఆమె తల వంచుకుని చెప్పింది. వెనక నిలబడ్డ ఆమె తండ్రి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. జనం కూడా తుడుచుకున్నారు.

మునెయ్య పక్కనున్న చిత్తూరాయన నిట్టూర్చాడు. "తండ్రి అమాయకుడప్పా. పిల్లకే బుద్ధి లేదు."

వెనకవాళ్లు కూర్చోమంటే మునెయ్య కూర్చున్నాడు.

పొద్దు గూకేవేళకు ఇల్లు చేరాడు. రత్న గడప దగ్గర కనకాంబరాలు కడుతోంది. సభ ఎలా జరిగిందని అడిగింది.

"నువ్వొచ్చినావు," అన్నాడు మునెయ్య.

రత్న చేతిలో దారం ఆగిపోయింది. "వచ్చి ఏం చెప్పినాను నాయనా?"

"తప్పు ఒప్పుకున్నావు. బాగా చెప్పినావు. అందరూ ఏడ్చినారు." మునెయ్య తలపాగా తీసి పక్కన పెట్టాడు. "మంత్రి మనసు కరిగిపోయి ఆడికాడే సాంక్షన్ చేసేసినాడు. రేపట్నించి నువ్వు కాలేజీకి పోతా ఉండావు."