యాంటెన్నా ఉన్న ఇంట కాపురం చల్లన

కాపురం పదికాలాల పాటు పచ్చగా ఉండాలంటే పెరట్లో యాంటెన్నా పాతాలి! నవ్వకండి. మాటా మాటా పెరిగితేనే కదా తగాదా? అసలు మాటే లేకపోతే?

నార్వేలో మా ఊరు ఫార్సుండ్‌లో తోర్ఫిన్‌నే చూడండి. ఓడల ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చునే దేశదేశాల వాళ్ళతో మాట్లాడే హామ్ రేడియో అంటే ప్రాణం. పెరట్లో పదిహేను మీటర్ల స్తంభం, దాని నెత్తిన చేపముల్లులాంటి యాంటెన్నా. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో భార్య హెర్దిస్‌తో ఒక్క పోట్లాట లేదు. ఎలా ఉంటుంది? చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నవాడితో ఎవరు పోట్లాడగలరు!

వీధికి జరిగిన మేలు మాత్రం తక్కువా? తోర్ఫిన్ బ్రెజిల్‌ను పిలిస్తే ఎదురింటి గ్యారేజీ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. రిమోట్‌తో పనే లేదు! జపాన్‌ను పిలిస్తే పక్కింట్లో కాలింగ్‌బెల్ మోగుతుంది. ఆ ఇంటి ముసలావిడ గడప ఎవరైనా తొక్కి ఏళ్ళయింది పాపం. బెల్ మోగినప్పుడల్లా జుట్టు సవరించుకుని తలుపు తీస్తుంది.

ఇక హామ్ క్లబ్బు. పద్నాలుగు మంది మగాళ్ళు, ఒక కాఫీ ఫ్లాస్కు. వీళ్ళు ప్రపంచమంతటితో మాట్లాడతారు. ఏం మాట్లాడతారంటారా?

"మీ మాట బాగా వినిపిస్తోంది."

"మీదీ బాగా వినిపిస్తోంది."

"ఇక్కడ వాన."

"ఇక్కడా వానే. సెలవు."

అంతే! ఇంకో దేశం దొరికినట్టు. మాట్లాడినట్టు రుజువుగా గోడ మీదికి ఇంకో కార్డు ఎక్కినట్టు. తోర్ఫిన్ గోడ మీద రెండువందల పద్నాలుగు దేశాలున్నాయి; హామ్‌ల లెక్కలో దూరపు దీవులు కూడా దేశాలే. వాటిలో ఎవరికి పిల్లలున్నారో, ఎవరు ఏం తిని బతుకుతున్నారో ఆయనకు తెలియదు. అదంతా అనవసర ప్రసంగం కదా!

మార్చిలో ఒక మధ్యాహ్నం చేప ఉండలు వడ్డిస్తూ హెర్దిస్ అంది, "స్వాల్బార్డ్‌లో చిన్నపిల్లల బడికి వంటమనిషి కావాలట. మే నుంచి ఆరు నెలలు. వెళ్దామనుకుంటున్నాను."

ఉత్తర ధ్రువం పక్కనున్న ఆ మంచు దీవుల పేరు వినగానే తోర్ఫిన్ కళ్ళు మెరిశాయి. "స్వాల్బార్డా! అదొక్కటీ నాకింతవరకు చిక్కలేదు. ఈ వారం వాతావరణం బాగుంది, చిక్కుతుందేమో."

"నేను వెళ్తున్నానంటున్నాను."

"ఊఁ. ఆ ఉప్పు ఇలా ఇవ్వు."

ఇచ్చింది.

ఏప్రిల్‌లో హెర్దిస్ ఒక ప్రశ్న వేసింది. యాంటెన్నా తీగ ఎంత పొడుగుండాలో ఎలా లెక్కవేస్తారు? తోర్ఫిన్ ఫోర్కు కింద పెట్టేశాడు. గంటంబావు చెప్పాడు. కాగితం మీద గీసి మరీ చూపించాడు. ఆ దంపతుల మధ్య అంత పెద్ద సంభాషణ అంతకుముందెన్నడూ జరగలేదు. ఆమె అన్నీ రాసుకుంది. ఆ వారమే దగ్గరి పట్నం క్రిస్టియాన్‌శాండ్ వెళ్ళి హామ్ పరీక్ష రాసి పాసైంది.

మే నెల రాగానే పెట్టె సర్దుకుంది. బట్టల కింద ఒక పాత రేడియో సెట్టు, తీగ చుట్ట పెట్టుకుంది. వెళ్ళే ముందు ఆయన నుదుటి మీద ముద్దు పెట్టింది. పోర్చుగల్‌తో వాన గురించి మాట్లాడుతున్న తోర్ఫిన్ చెయ్యి ఊపాడు.

మూడో రోజుకి ఫ్రిజ్ ఖాళీ అయింది. "హెర్దిస్!" అని కేకేశాడు. ఇల్లు పలకలేదు. చెల్లెలింటికి వెళ్ళి ఉంటుందిలే అనుకుని రొట్టె ముక్క కొరుక్కున్నాడు.

ఆదివారం పొద్దున క్లబ్బు అధ్యక్షుడు ఓడ్వార్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, స్వాల్బార్డ్ పలుకుతోందిరా! అందులోనూ ఆడగొంతు! సెట్టు వెయ్యి!"

వేశాడు. జర్మనీ, ఇటలీ, పోలండ్, అందరూ బెల్లానికి ఈగల్లా ముసిరి అరుస్తున్నారు. నలభై నిమిషాలు తన కాల్ సైన్, అంటే రేడియోలో తన గుర్తింపు పేరు, అరిచి అరిచి తోర్ఫిన్ గొంతు పోయింది. చివరికి ఆ ఆడగొంతు ఆయన కాల్ సైన్ పలికింది.

"మీ మాట బాగా వినిపిస్తోంది!" వెంటనే అందుకున్నాడు. "నా యాంటెన్నా పదిహేను మీటర్ల ఎత్తు..."

"తెలుసు. నా యాపిల్ చెట్టు కొట్టేసి పెట్టావుగా."

యూరప్ మొత్తం నోరు మూసుకుంది.

"హెర్దిస్? నువ్వక్కడేం చేస్తున్నావు?"

"అరవై మంది పిల్లలకి వంట చేస్తున్నాను. మార్చిలో చెప్పాను కదా. ఉప్పు అడిగావు."

తోర్ఫిన్ ఆ భోజనాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఉప్పు గుర్తొచ్చింది. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో గుర్తు రాలేదు.

"బాగున్నావా?" అన్నాడు. రెండువందల పద్నాలుగు దేశాల్లో ఎవరినీ అడగని ప్రశ్న అది.

"బాగున్నాను. ఇక్కడి పిల్లలు నేనేం చెప్పినా ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అంటారు."

"ఎప్పుడొస్తా..."

"ఓరి తోర్ఫినూ!" మధ్యలో ఓడ్వార్ దూరాడు. "నీ దేశం నీకు దొరికిందిగా, తప్పుకో! వెనక మేం ఇంతమందిమి పడి ఉన్నాం!"

"నిజమే," అంది హెర్దిస్. "ఇక్కడ మంచు కురుస్తోంది. సెలవు. తర్వాత ఎవరు?"

ఇప్పుడు తోర్ఫిన్ ఆదివారాలు అందరితోపాటు వరుసలో కాచుకుంటాడు. వంతు వస్తే రెండే నిమిషాలు. ఆమె ఏం వండింది, ఏ పిల్ల ఏమంది, అన్నీ అడిగి రాసుకుంటాడు. ఆరు నెలలయ్యాక వస్తావా అంటే "చూద్దాం" అందట. ఆ ఒక్క మాటనీ మూడుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు.

చూశారా యాంటెన్నా మహిమ! పెళ్ళాం మాట మొగుడికి గంట కొట్టినట్టు వినిపించడానికి కావలసిందల్లా మధ్యలో రెండువేల పైచిలుకు కిలోమీటర్ల చన్నీళ్ళ సముద్రం. బల్లకి అటువైపు కూర్చున్న మనిషి మాట ఏ సెట్టుకీ అందదు మరి!

క్లబ్బు పత్రికలో ఓడ్వార్ తెగ మురిసిపోయాడు. సభ్యుల భార్యలు ఆరుగురు హామ్ పరీక్షకి పేర్లిచ్చారట. ఆడవాళ్ళలో సాంకేతిక ఆసక్తి పెరుగుతోందట.

ఆ ఆరుగురిలో ఓడ్వార్ భార్యా ఉంది. మొన్న దుకాణంలో దళసరి బూట్లు చూస్తూ కనిపించింది. గ్రీన్‌లాండ్‌లో చలి ఎంతుంటుందని నన్నడిగింది. మీ ఆయన్నే అడగకపోయారా అన్నాను.

అడిగిందట. అక్కడికి యాంటెన్నా ఏ దిక్కుకి తిప్పాలో చెప్పాడట.