ట్యూబు టీవీకి హెచ్‌డీ యోగం

ఇంట్లో ట్యూబు టీవీ లేనివాళ్ళు దురదృష్టవంతులు! ఉండి కూడా దానికి హెచ్‌డీ డబ్బా తగిలించుకోనివాళ్ళు మరీ దురదృష్టవంతులు! ఈ మాట ఆషామాషీగా అనడం లేదు. బాగా ఆలోచించి, టీ తాగి, మళ్ళీ ఆలోచించి అంటున్నాను.

మీరు గోడకు తగిలించుకున్నారే, ఆ పల్చటి టీవీ, అదీ ఒక టీవీయేనా? దాని మీద పూలకుండీ పెట్టగలరా? గ్యాసు బుక్కు పెట్టి మరిచిపోగలరా? ఓసారి మంచిర్యాల వెళ్ళి బుచ్చిరాములు ఇంట్లో టీవీని చూడండి. దాని మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద కొండగట్టు అంజన్న పటం, పటం పక్కన కళ్ళద్దాల డబ్బా, ఆ పక్కన రిటైరైన రోజు తోటి కార్మికులు ఇచ్చిన గడియారం. ఒక్క టీవీ ఇంత సంసారాన్ని మోస్తోంది! మీ టీవీ తనను తానే మోసుకోలేక గోడను పట్టుకుని వేలాడుతోంది. మరి మా ఇంట్లో ఏ టీవీ ఉందని నన్ను అడగకండి. ఇప్పుడది అప్రస్తుతం.

బుచ్చిరాములు బొగ్గుగనిలో ముప్పై ఏళ్ళు పంపు నడిపినవాడు. నడుస్తున్న మిషన్ జోలికి పోవద్దన్నది ఆయన సిద్ధాంతం. కూతురు జ్యోతిరాణి కరీంనగర్ నుంచి వచ్చినప్పుడల్లా పోరుతుంది.

"బాపూ, గా డబ్బా టీవీ తీసెయ్యరాదే. కొత్తది కొనుక్కుందాం."

"అది సచ్చిందానె? బతికున్నదాన్ని ఎట్ల పారేస్తం?" అంటాడాయన. ఇరవై ఏళ్ళయింది. టీవీ చావనూ లేదు, ఆయన పారెయ్యనూ లేదు.

అటువంటి ఇంటికి మూడు వారాల కిందట యోగం పట్టింది. కేబుల్ నడిపే హరీష్ ఒక గురువారం పొద్దున వచ్చి, టీవీకి తగిలించే పాత కేబుల్ డబ్బాలకు ఇక సిగ్నల్ రాదని, ఊరందరికీ హెచ్‌డీ డబ్బాలేనని శుభవార్త చెప్పాడు.

"క్లారిటీ మస్తుంటది కాకా. మనిషి మొఖం మీద మచ్చ సుత కనవడ్తది."

"ఎవల మచ్చలో చూసి నేనేం జేస్తరా?" అన్నాడు బుచ్చిరాములు. హెచ్‌డీ వచ్చాక ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు.

హరీష్ తెచ్చిన వైరుకు బల్లపరుపు పిన్ను ఉంది. టీవీ వెనక చూస్తే అన్నీ గుండ్రటి బెజ్జాలే, పసుపు ఒకటి, తెలుపు ఒకటి, ఎరుపు ఒకటి. హరీష్ తల గోక్కున్నాడు. డబ్బా వెనక ఒక మూల నక్కి ఉన్న చిన్న బెజ్జాన్ని కనిపెట్టి, బండి డిక్కీలోంచి మూడు రంగుల వైరు తెచ్చి తగిలించాడు. బొమ్మ వచ్చింది! వార్తలు చదివే అమ్మాయి తెర నడుమ కూర్చుని ఉంది. అంతా బాగుందనుకుని, ఇంకా నలభై ఇళ్ళు తిరగాలంటూ అతను వెళ్ళిపోయాడు.

అసలు మహిమ సాయంత్రం బయటపడింది. హెచ్‌డీ బొమ్మ అడ్డంగా బారెడు ఉంటుంది. ట్యూబు టీవీ దాదాపు చదరం. అందుకని ఆ డబ్బా పట్టనంత మేరకు అటో ముక్క, ఇటో ముక్క కోసేసి నడిమి భాగం ఒక్కటే చూపిస్తుంది. దీన్ని లోపం అనేవాళ్ళున్నారు. తొందరపడకండి!

ముందు క్రికెట్ సంగతి చూడండి. స్కోరు ఎడమ మూలన ఉంటుంది, కాబట్టి కనబడదు. ఎవరు గెలుస్తున్నారో తెలియకుండా మ్యాచ్ చూస్తే ఎంత హాయిగా ఉంటుందో మీకేం తెలుసు? బుచ్చిరాములు బీపీ ఆ వారమంతా అదుపులో ఉంది. చర్చా కార్యక్రమాల్లో ఆరుగురు అరుస్తుంటే, చివరన ఉన్నవాళ్ళు సగం నోళ్ళతోనే అరిచారు. ఇక కింద వేసే వార్తల పట్టీలో ఏ జిల్లాకు భారీ వర్షమో ఆ పేరు కోతలో పోయింది. దాంతో బుచ్చిరాములు రోజూ గొడుగు పట్టుకుని తిరిగాడు. జాగ్రత్త మంచిదే కదా!

సీరియల్ అయితే ఇంకా మేలు. సోఫాకు ఈ కొసన అత్త, ఆ కొసన కోడలు కూర్చుని ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకుంటున్నారు. ఇద్దరూ కోతలో పోయారు. బుచ్చిరాములు భార్య సత్తవ్వ అరగంట సేపు ఉత్త సోఫానే చూసింది.

"సోఫా మంచిగున్నది" అంది చివరికి. ఏ సీరియల్ గురించైనా ఆ ఇంట్లో ఇంత మంచి మాట ఎప్పుడూ వినబడలేదు!

దీనికి మందు లేదా అంటే ఉంది. ఫోన్ చేస్తే హరీషే చెప్పాడు. రిమోట్‌తో మెనూలోకి పోయి ఒకటి మారిస్తే, పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి బొమ్మ మొత్తం కనబడుతుందట. కానీ రిమోట్ పని చేస్తేగా? గురువారం చక్కగా పని చేసిన రిమోట్ శుక్రవారం నుంచి మూగనోము పట్టింది. సెల్లులు మార్చారు. రిమోట్‌ను అరచేతికేసి కొట్టారు, నేలకేసి కొట్టారు. హరీష్ కొత్త రిమోట్ పంపాడు, అదీ పలకలేదు. చానల్ మార్చాలంటే లేచి వెళ్ళి డబ్బా మీది బటను నొక్కాల్సిందే. రోజుకు అరవై సార్లు లేవడం, అరవై సార్లు కూర్చోవడం! మోకాళ్ళకు ఇంతకంటే మంచి వ్యాయామం ఏ డాక్టరు చెప్తాడు?

ఇంతవరకూ అన్నీ లాభాలే. ఈలోగా సత్తవ్వ టీవీలో వస్తుందని తెలిసింది.

సత్తవ్వ వాళ్ళ కోలాటం బృందం కొండగట్టులో ఆడింది. లోకల్ చానల్ వాళ్ళు దాన్ని వీడియో తీసుకుపోయి, శనివారం పొద్దున పది గంటలకు వేస్తామన్నారు. అరవై ఏళ్ళొచ్చిన సత్తవ్వ టీవీలో కనబడటం ఇదే మొదలు. పక్కింటి లీలాబాయి గోడ మీంచి పిలిచింది.

"సత్తక్కా, మా ఇంట్ల చూద్దువు రా. పెద్ద టీవీ ఉన్నది."

"ఏం, మా ఇంట్ల టీవీ లేదా?" అంది సత్తవ్వ, నవ్వుతూనే. లోపలికొచ్చాక మాత్రం నవ్వలేదు. "కనవడ్తనా మరి?" అని మొగుణ్ణి అడిగింది.

"ఎందుకు కనవడవు? మన టీవీలనే, మన ఇంట్లనే చూస్తవు. ఫికర్ జెయ్యకు, నాది పూచి" అన్నాడు బుచ్చిరాములు. గనిలోకి నీళ్ళు చొచ్చుకొచ్చిన రోజు కూడా ఆయన అంత గట్టిగా మాటిచ్చి ఉండడు. మాటిచ్చి రిమోట్ వంక చూశాడు.

శనివారం సత్తవ్వ కోలాటంలో కట్టిన చీరే మళ్ళీ కట్టుకుని, తల దువ్వుకుని, టీవీ ముందు కూర్చుంది. పాట మొదలైంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒక వరుసన నిలబడ్డారు. తెర మీద లెక్కపెడితే ఆరుగురే. ఎడమ కొసన ఒకామె, కుడి కొసన సత్తవ్వ కోతలో పోయారు. కుడి అంచులోంచి గాజుల చెయ్యి ఒకటి కోల పట్టుకుని లోపలికొచ్చింది. పక్కామె కోలను టక్కున కొట్టి వెళ్ళిపోయింది.

"గదే! గది నా కోలనే!" అని సత్తవ్వ ఎగిరి గంతేసినంత పని చేసింది. రెండోసారి కోల వచ్చినప్పుడు మెడ సాచి అంచు పక్కకు చూసింది, అక్కడేదో కనబడుతుందన్నట్టు. మూడోసారి తల దించి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

ఫోన్ మోగింది. జ్యోతిరాణి. "అవ్వా! చూస్తున్నవా? మస్తు ఆడుతున్నవే!" అవతల గోడ మీంచి లీలాబాయి కేక. "సత్తక్కా, ఎంత మంచిగ కనవడ్తున్నవో!"

"అందరు చూస్తుండ్రు. నేనే చూస్తలేను" అంది సత్తవ్వ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బుచ్చిరాములుకు తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. హరీష్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు.

"రిమోట్‌ను డబ్బా కంటి ముందట పెట్టి కొట్టు కాకా."

"దాని కన్నెక్కడున్నదిరా?"

"ముందటనే. నల్లటి అద్దం లెక్క, గుండ్రంగ ఉంటది."

బుచ్చిరాములు మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు. నల్లటి అద్దం ఎక్కడా లేదు. డబ్బా ముందు నడిమధ్యలో గుండ్రటి కుంకుమ బొట్టు ఉంది, అంతే. శుక్రవారం శుక్రవారం సత్తవ్వ గడపకు, పొయ్యికి, ఫ్రిజ్జుకు, స్కూటర్‌కు పసుపు రాసి బొట్టు పెడుతుంది. అవి చూసీ చూసీ ఆయన కంటికి ఆనడమే మానేశాయి. కొత్త డబ్బాకు ఎక్కడ పెట్టాలా అని ఆమె వెతికితే, సరిగ్గా బొట్టంత గుండ్రటి చోటు కనబడింది. డబ్బా చేసినవాళ్ళు బొట్టు కోసమే విడిచారనుకుంది పాపం! మూడు శుక్రవారాలు, మూడు పూతలు.

గనిలోకి దిగేముందు నెత్తి మీది లైటు అద్దం తుడుచుకోకుండా ఒక్క రోజూ దిగనివాడు బుచ్చిరాములు. ఆయనకు సంగతి అర్థమైపోయింది. తువ్వాల తీశాడు. తీసి ఆగిపోయాడు. మొగుడు బతికుండగా, పెళ్ళాం ఎదుట, పెళ్ళాం పెట్టిన బొట్టు తుడవడమా? అదీ అంజన్న రోజు శనివారం! తువ్వాల పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఏందయ్యా గట్ల నిలవడ్డవు?"

"సత్తవ్వా, గీ బొట్టు..." అని రిమోట్‌ను చూపించాడు.

ఆమె దగ్గరికొచ్చి బొట్టును చూసింది, రిమోట్‌ను చూసింది. "జర జరుగు" అంది. మంచినీళ్ళ గ్లాసులో కొంగు తడిపి ఒక్క తుడుపు తుడిచింది. వేలికంటిన కుంకుమను డబ్బా నెత్తిన పెట్టి, అంజన్న పటం వైపు తిరిగింది. "కంట్ల పడ్డది తుడిచిన దేవుడా. తప్పేమున్నది?"

రిమోట్ పలికింది! తెర నిండా మెనూ పరుచుకుంది. వెనక పాట నడుస్తూనే ఉంది. "కిందికి... ఇంకా కిందికి... ఓకే కొట్టు కాకా" అంటున్నాడు హరీష్. బుచ్చిరాములు ఒకసారి కిందికి బదులు పైకి పోయాడు. పాట చివరి చరణంలో పడింది. ఓకే కొట్టాడు.

పైనా కిందా నల్ల పట్టీలు వచ్చాయి. బొమ్మ చిన్నదైంది. అప్పటికి ఆట అయిపోయింది. ఎనిమిది మందీ చేతులు జోడించి నిలబడ్డారు. కుడి కొసన, చిటికెన వేలంత సత్తవ్వ. టీవీలో సత్తవ్వ దండం పెడుతుంటే, నేల మీద కూర్చున్న సత్తవ్వ కూడా చేతులు జోడించి ఆమెకు దండం పెట్టింది. ఐదు లెక్కపెట్టేలోపు బోరు మోటార్ల ప్రకటన వచ్చేసింది.

"కనవడ్డదా చిన్నమ్మ?" అన్నాడు హరీష్ ఫోన్‌లో. "గాని కాకా, ఒకటి చెప్తా, యాదిల పెట్టుకో. ఇగ వచ్చే డబ్బాలకు గా మూడు రంగుల వైరు పెట్టే బెజ్జం సుత ఉండదట. నా మాటిని, ఈపారి చిన్నమ్మను నడుమ నిలవడుమను. నడుమ ఉన్నోళ్ళు ఏ టీవీలనైనా కనవడ్తరు."

ఆహా, ఎంత సులువైన ఉపాయం! డబ్బా చేసినవాళ్ళు మారనక్కర్లేదు, బొమ్మ కోసేవాళ్ళు మారనక్కర్లేదు. సత్తవ్వ నాలుగడుగులు జరిగితే చాలు. ఇంతటి మేలు చేసిన హెచ్‌డీకి మనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి.

సత్తవ్వ కొట్టలేదు. మొగుడి చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నడుమ ఎవలైన నిలవడ్తరు కొడుకా. ఆట్ల వరుస మలిపి తిప్పేది కొసకున్నామెనే. నన్ను చూసుకుంటనే వాళ్ళందరు తిరుగుతరు. నేను నడుమకొస్తే వాళ్ళు ఎవలను చూడాలె?"

"హలో... హలో... చిన్నమ్మా, ఆవాజ్ వస్తలేదు" అన్నాడు హరీష్.

ఫోన్‌లో సిగ్నల్ నిండుగానే ఉంది.