ముక్కు మందు గుడ్లు

"పన్నెండు గుడ్లు! గవే నడుసుకుంట పోయినయా?"

కృష్ణయ్య డాక్టరు కేక గద్వాల బజారు దాకా వినబడింది. పదకొండు గంటల రైలుకు హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు దిగుతున్నాడు. ఆయనకు చూపించాల్సిన గుడ్లు లేవు. కాంపౌండరు వెంకట్రాములు ఉద్యోగం ఇక ఉండేలా లేదు.

అవి తినే గుడ్లు కావు. అది 1944. సూది పేరు చెబితే ఊరు ఊరంతా గుట్టలెక్కేది. అందుకని డాక్టరు ఏడాదిగా సూది లేని ఫ్లూ టీకా కోసం తంటాలు పడుతున్నాడు. గుడ్డుకు బెజ్జం చేసి, జ్వరపు క్రిమిని అందులో పెంచి, బలం తగ్గించి, చివరికి రెండు చుక్కలు ముక్కులో వేయాలని ఆయన పథకం. బెజ్జం మైనంతో మూయడం వెంకట్రాములు పని.

"తెల్లారంగనే బుట్ట తెచ్చి మీ ఇంటి కడప మీదనే పెట్టిన సాబ్. లేపుడెందుకని స్నానానికి పోయిన," అన్నాడు వెంకట్రాములు. "తెల్ల మైనం అయిపోయింది. గందుకే ఎర్ర లక్కతోని మూసిన."

డాక్టరు ఠక్కున ఆగాడు. "ఎర్ర లక్కనా?"

"అవ్ సాబ్, గుడ్డుకొక చుక్క. తప్పయిందా?"

డాక్టరు చెమట తుడుచుకున్నాడు. ఊడుస్తున్న ఆయా రూతమ్మ చీపురు ఆపింది. "సాబ్, నేనొక మాట చెప్త..."

"నువ్వు ఊకో రూతమ్మా! నీ పని చూస్కో!"

గుడ్లు ఎత్తుకెళ్లి తిన్న దొంగను పట్టిస్తేనే తన ఉద్యోగం నిలుస్తుందని వెంకట్రాములుకు తోచింది. పరుగున వెళ్లి దండోరా వేసే బాలన్నను పట్టుకున్నాడు. పావుగంటలో వీధులు మోగిపోయాయి.

"పొద్దుగాల గుడ్డు తిన్నోళ్లు జల్దిన దవాఖానకు రావాలె! లేకుంటే జ్వరమొచ్చి మంచం పడ్తరహో!"

ఎర్ర చుక్క సంగతి చెప్పడం బాలన్న మరిచిపోయాడు.

మగ్గాలు ఆగిపోయాయి. గుడ్డు తిన్నవాళ్లు వచ్చారు. తిన్నవాళ్ల పక్కన కూర్చున్నవాళ్లూ వచ్చారు. శనివారమని ఒక్కపొద్దున్న చెన్నయ్య, తలకు తువ్వాలు కప్పుకుని వరుసలో నిలబడ్డాడు. ఆయన వెనకే భార్య అంజమ్మ వచ్చింది.

"ఒక్కపొద్దంటివి గదనయ్యా! ఎవలింట్ల తిన్నవ్?"

సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరు టాంగా దిగాడు. వీధి చివరిదాకా ఉన్న వరుసను చూసి ముఖం వెలిగిపోయింది.

"సూది లేదంటే ఇంతమందా! భేష్ కృష్ణయ్యా! మందు తెప్పించండి, నా ముందే వేయండి."

వెంకట్రాములు చేతులు జోడించాడు. "మందు లేదు సార్. గుడ్లు పోయినయి. నా పిల్లల మీద ఒట్టు, నేను తీయలే."

పెద్ద డాక్టరు ముఖం మాడిపోయింది. "కాపలా కాయలేని కాంపౌండరు ఎందుకు? ఇప్పుడే తీసేయండి."

కృష్ణయ్య డాక్టరు ఎవరి వంకా చూడకుండా కలం తీశాడు. రూతమ్మ చీపురు కింద పడేసింది.

"గాయన పొట్ట కొట్టకుండ్రి దొరా! గుడ్లు పారేసినోన్ని మూడుబాటల కాడ నేను చూసిన. కడప మీద ఎర్ర చుక్కలు కనవడంగనే ఎవలో మంత్రం పెట్టిండ్రనుకున్నడు. ఎడమ చేత్తోని బుట్ట పట్కొచ్చి, అన్ని పలగ్గొట్టి, మూడుసార్లు ఉమ్మి, వెనక్కి సూడకుండ ఉరికిండు."

"ఎవడు వాడు?"

"ఇంకెవలు దొరా? పెద్ద సదువులు సదివిన మా కృష్ణయ్య డాక్టర్ సాబే!"