గడువు దాటిన సీసాలు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తను ఆఫీసుకు వెళ్లాక అత్తగారు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆటలో హీరో చేత ఓ పది సీసాల కషాయం తాగించాలి. అంతే.

కోడలి ఉద్యోగం వీడియో గేముల్లో కషాయాలు కనిపెట్టడం. ఏ ఆకులో ఏ వేరు కలిపితే బలం వస్తుంది, ఎంతసేపు మరిగిస్తే గాయం మానుతుంది, ఎక్కడ అడుగంటుతుంది, ఇదంతా రెండేళ్లు కూర్చుని రాసింది. ఒక్కడంటే ఒక్కడు తాగితే ఒట్టు. ఆడినవాళ్లంతా కత్తి తీసుకుని నరుక్కుంటూ పోయారు. కత్తి చేతికొచ్చాక బుర్రకు పని చెప్పేవాళ్లు ఆటల్లోనే కాదు, బయటా తక్కువే.

బాసు నిన్ననే తేల్చేశాడు. "కత్తులూ కషాయాలూ రెండూ చేసే టైం లేదు. రేపు మూడింటికి ఊళ్లోకి డ్రాగన్‌ని వదిలి కత్తుల పని చూస్తా. కషాయాల లెక్కా అప్పుడే చూస్తా. పది గుక్కలన్నా ఎవరైనా తాగుంటే ఉంచుతా. ఆఫీసువాళ్లు తాగితే లెక్కలోకి రాదు. ఓడినవాళ్లు తలుపులు చూసుకోండి."

తలుపులంటే ఆటలో ఉన్న రెండు వేల తలుపులు. ఏది ఎటు తెరుచుకోవాలో, ఏది కిర్రుమనాలో చూస్తూ కూర్చోవాలి. ఆ కుర్చీలో ఇంతవరకూ ఎవరూ ఆర్నెల్లు నిలవలేదు.

"ఏం కషాయం, కిర్రుమనడం ప్రాక్టీసు చేస్తున్నావా?" అన్నాడు పక్క సీటులో కత్తులు తయారుచేసేవాడు. ఆఫీసంతా వాణ్ణి కత్తి అనే పిలుస్తారు, అదేదో బిరుదైనట్టు వాడూ పలుకుతాడు.

కోడలు పట్టించుకోలేదు. అత్తగారు ఆఫీసు మనిషి కాదు. పైగా ఆసుపత్రి మందుల గదిలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైంది. పదింటికి కోడలే ఫోన్ చేసింది.

"ఎలా ఉందత్తయ్యా?"

"బ్రహ్మాండంగా ఉందే అమ్మాయ్! మూడు వందల పన్నెండు సీసాలు కాచాను. రంగుల వారీగా అల్మారాలో సర్దాను."

"ఎన్ని తాగించారు?"

"తాగించడమేంటి? వాడు రాయిలా ఉన్నాడు. జబ్బు లేనివాడికి మందెందుకు? అదీ డాక్టరు చీటీ లేకుండా!"

"అత్తయ్యా, ఆటలో చీటీలుండవు."

"అందుకే అలా తగలడింది ఆ ఊరు."

కోడలు ఆలోచించింది. అత్తగారికి ఏదీ పారేయడానికి చేతులు రావు, అడుగు మిగిలిన టూత్‌పేస్టును కూడా రోకలితో నొక్కుతుంది. కషాయం పాడైపోతుందంటే ఆ ప్రాణం ఆగదు, గబగబా తాగించేస్తుంది. వెంటనే ఆటలో ఓ కొత్త నియమం పెట్టింది: ఒంటిగంటకు ప్రతి సీసా గడువూ ముగిసి, మీద ఎర్ర అక్షరాలు పడతాయి. హడావుడిలో అక్షరాల వరకే రాసింది. మందు బలం తగ్గాలన్న సంగతి రాయనే లేదు.

ఒకటిన్నరకు అత్తగారి ఫోను. సరిగ్గా అప్పుడే బాసు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఒక్కటి మిగలకుండా గడువు దాటాయే! ఇలాంటి సరుకు అల్మారాలో ఉంచితే మా సూపరింటెండెంటు మెమో చేతిలో పెట్టేవాడు. ఎక్కడ పారబొయ్యను?"

బాసు వింటుండగా తాగించేయండి అనడానికి లేదు. "మీకు... ఎక్కడ వీలైతే అక్కడ," అని పెట్టేసింది.

మూడయింది. ఆఫీసుకంతటికీ పరీక్షించుకోవడానికి ఒకటే ఊరు, అత్తగారు ఆడిందీ అందులోనే. దాన్నే పెద్ద తెర మీద తెరిచారు. ఓ మూల అంకె చూసింది కోడలు. హీరో తాగిన కషాయాలు: సున్నా. చెవుల్లో తలుపులు కిర్రుమన్నాయి.

డ్రాగన్ వచ్చి బజారు నడిమధ్య దిగింది. కత్తి వేళ్లు విరుచుకుని హీరోను ముందుకు నడిపించాడు. వాడు ఒరలోంచి బంగారు కత్తి సగం దూశాడో లేదో, వీధి ఊడ్చే ముసలమ్మ చీపురు తిరగేసి డ్రాగన్ మూతి మీద ఒక్కటిచ్చింది. అది వెళ్లి గోడకు కరుచుకుంది. బట్టలుతికే ఆవిడ దాని తోక పట్టుకుని, తడి దుప్పటిని బాదినట్టు బండకేసి నాలుగు బాదులు బాదింది. తరవాత జాడించి ఆరేసింది.

"నా వంతు రానివ్వట్లేదు సార్!" అని గోలపెట్టాడు కత్తి. హీరో జనంలోంచి దూరబోతే, కూరలమ్మే ఆమె మోచేయి తగిలింది. హీరో ప్రాకారం దాటి అవతల పడ్డాడు.

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది, ఊరి నూతి సంగతి. రెండేళ్ల కిందట ఏదో విషప్రయోగం కథ కోసం తనే రాసింది: నూతిలో ఏది పడితే దాని గుణం ఆ నీళ్లు తాగినవాళ్లందరికీ వస్తుంది. రాసి మరిచిపోయింది.

"లెక్క చెప్పు," అన్నాడు బాసు.

"ఊళ్లో నాలుగు వందల ఆరుగురు సార్. అందరూ తాగారు."

"మనవాళ్లు తాగితే లెక్కలోకి రాదన్నాను."

"వాళ్లు ఆఫీసువాళ్లు కారు సార్. ఊరివాళ్లు."

బాసు గడ్డం గోక్కున్నాడు. "డ్రాగన్‌ని ఇంకోసారి వదులు," అన్నాడు. నాలుగుసార్లు వదిలించాడు. నాలుగోసారి చీపురు దెబ్బకు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. "ఇదమ్మా ఆటంటే! హీరో ఉన్నా లేకపోయినా ఒకటే." ఊరిని కాపాడటానికి ఊరు చాలని తెలియడానికి ఆయనకు పదిహేనేళ్ల సర్వీసు పట్టింది.

కోడలు వరండాలోకి పరిగెత్తింది. "అత్తయ్యా, నూతిలో పోశారా?"

"ఇంకెక్కడ పొయ్యను? మురిక్కాలువ లేదు, చెత్తకుండీ లేదు. ఆ నూతికి మూతైనా లేదు. తాగొద్దని బోర్డు చేసి పెట్టొచ్చాను. చూశారా లేదా?"

"వాళ్లకి చదువు రాదత్తయ్యా. నేను నేర్పలేదు."

"అదీ నీ తప్పే. ముందు మూత పెట్టించు."

మర్నాటి నుంచి తలుపులు కత్తి చూసుకుంటున్నాడు. మొదటి పనిగా నూతికి మూత బిగించాడు, అది లోపలికి తెరుచుకుంటుంది.