పదహారు ముక్కల కుషన్ కవరు

ఆ ఆదివారానికి లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పేపరు చదవడం, ఒక కునుకు తీయడం, సాయంత్రం వదినగారి కొత్త ఇంటికి భోజనానికి వెళ్లడం. ఆస్పత్రి నుంచి ఫోను రావడంతో అది కాస్తా తలకిందులైంది. నర్సుగా పనిచేసే ఆయన భార్య సెలవు రోజున కూడా డ్యూటీకి పరుగెత్తాల్సి వచ్చింది.

"అక్కకి ముక్కల కుషన్ కవరు కుట్టి ఇస్తానని మాటిచ్చాను. కొలత కోసం కొత్త సోఫా మీది కుషన్ కూడా పంపించింది. ఇంక నాకెక్కడ కుదురుతుంది? మీరే ఏ షాపులోనో మంచిది చూసి కొనండి," అంది చెప్పులు వేసుకుంటూ.

"కొనడం దేనికి? నేను కుడతాను."

భార్య ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని ఆగిపోయింది. "మీరా?"

"గళ్లు గళ్లుగా కోసి కలపడమే కదా! నాలుగో తరగతి లెక్క."

మాస్టారి పంతానికి కారణం ఉంది. పోయిన నెలలో ఆయన తోడల్లుడు, అంటే ఆ వదినగారి భర్త, అందరి ముందూ "మా మాస్టారికి సుద్దముక్క తప్ప ఇంకేదీ పట్టుకోవడం రాదు" అని పగలబడి నవ్వాడు. కార్ల షోరూముకు మేనేజరు కాబట్టి ఆయన నవ్వు కూడా హారనులాగే ఉంటుంది. దాన్నైనా మాస్టారు భరించేవారే. పక్కనే కూర్చున్న సొంత భార్య కూడా కిసుక్కుమనడం మాత్రం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈ సాయంత్రం తన చేత్తో కుట్టిన కవరు వాళ్లిద్దరి ముందూ పెట్టి, ఆ నవ్వులు రెండూ మూయించాలి. అంతకంటే తక్కువదానికి ఆయన ఒప్పుకునేలా లేరు.

కుషన్ పదహారు అంగుళాలుంది. నాలుగేసి అంగుళాల ముక్కలు పదహారు కోస్తే లెక్క సరి. మాస్టారు స్కేలు పెట్టి, పెన్సిలుతో గీసి, ఎరుపూ నీలమూ పసుపూ ముక్కలను వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించారు. మిషను తొక్కడం చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చినదే. ముక్కలు కలిపి, కింద పల్చటి దూది పొర, దాని కింద మరో గుడ్డ పరిచి, బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్లు వేశారు. కుట్లు కాస్త తాగినట్టు నడిచినా, చూడటానికి ముచ్చటగానే వచ్చింది. ముక్కను ముక్కతో కలిపిన ప్రతిచోటా అంచు కొంత లోపలికి పోతుందని, బొంతకుట్టు గుడ్డను ఇంకాస్త లాగేస్తుందని మాత్రం ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

కవరు పూర్తయింది. కుషన్ అందులో పట్టలేదు.

మూడు అంగుళాలు తక్కువ. మాస్టారు మళ్లీ కూడారు. మళ్లీ గుణించారు. లెక్క తప్పలేదు. లెక్క తప్పనప్పుడు తప్పు ఎవరిది? కుషన్‌ది.

అలా నిర్ధారించుకుని, తోడల్లుడి దిగుమతి సోఫా తాలూకు కుషన్ పొట్ట కుట్లు విప్పి, గుప్పెళ్లతో దూది పీకడం మొదలుపెట్టారు. ఉక్కపోస్తోందని ఫ్యాను వేశారు. ఆ తరవాత గదిలో ఏం జరిగిందో ఎవరైనా ఊహించగలరు. దూది గాల్లోకి లేచింది, తలమీద వాలింది, మీసాలకు అతుక్కుంది. ఈ గందరగోళంలోనే వదులైన కుషన్ గుడ్డను చుట్టూ కుదించి కుడుతూ సూది వేల్లో గుచ్చుకున్నారు. చేతికందిన ఎర్ర పీలిక ఒకటి వేలికి చుట్టేసుకున్నారు.

సరిగ్గా అప్పుడే కునుకు తీసి లేచిన తల్లి గుమ్మంలోకి వచ్చింది.

"ఒరే నాన్నా! ఏమైందిరా?"

"లెక్క తప్పలేదమ్మా," అన్నారు మాస్టారు, తల ఎత్తకుండా. "నేను చెప్తున్నాగా, లెక్క తప్పలేదు."

తల్లి లోపలికి వెళ్లి కోడలికి ఫోను చేసింది. "అమ్మాయ్, ఇల్లంతా దూదే. వాడి వేలికి ఎర్రటి కట్టు. ఏమడిగినా లెక్క తప్పలేదు, లెక్క తప్పలేదు అంటున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు."

"కంగారు పడకండి అత్తయ్యా, నేను వచ్చేస్తున్నా," అంటూనే కంగారు పడిపోయిన కోడలు, దగ్గర్లో ఉంది కదా అని అక్కకు చెప్పింది. అక్క భర్తకు చెప్పింది. కాసేపటికే, మాస్టారు కుషన్‌కి కవరు తొడిగి మిషను మీద పెట్టారో లేదో, కారు గుమ్మం ముందు ఆగింది.

కిటికీలోంచి తోడల్లుడి బట్టతల కనబడేసరికి మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. పీకిన దూది దాచడానికి చోటు దొరకలేదు. మొత్తం చొక్కాలోకి కుక్కుకుని, బొత్తాలు పెట్టుకుని, పాఠం చెప్పేవాడిలా నిలబడ్డారు.

"అయ్యో, పొట్ట చూడవే! ఇంతలా ఉబ్బిందేంటి!" అని తోడల్లుడు భార్య చెయ్యి పట్టుకున్నాడు. "మాస్టారూ, పడుకోండి, కదలకండి!"

"నాకేం కాలేదు అన్నయ్యా."

"అలాగే అంటారు. పడుకోండి!"

బలవంతాన మంచం మీద పడుకోబెట్టారు. ఆస్పత్రి నుంచి ఆయాసపడుతూ వచ్చిన మాస్టారి భార్య నేరుగా ఆయన పొట్ట మీద చెయ్యి వేసి నొక్కింది. బొత్తాల సందుల్లోంచి దూది బయటికొచ్చింది. ఆమె కొంచెం లాగింది. ఇంకా వచ్చింది. లాగుతూనే ఉంది. ఆస్పత్రిలో ఇన్నేళ్లలో ఆమెకు ఇలాంటి కేసు తగల్లేదు.

"ఆ దూది నా కుషన్‌దా?" అన్నాడు తోడల్లుడు, మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడటం ఎవరూ ఎరగరు.

మాస్టారు కళ్లు మూసుకుని, మిషను మీదున్న కుషన్ వైపు చెయ్యి చూపించారు. రంగురంగుల కవరులో అది బుద్ధిగా, బక్కచిక్కి కూర్చుంది. వదినగారు దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి, కుర్చీలో కూలబడి నడుం వెనక పెట్టుకున్నారు.

"అబ్బా!" అన్నారు ఆవిడ. "ప్రాణం లేచొచ్చింది. మా ఇంట్లో బస్తాల్లాంటి ఆ కుషన్లు ఆరూ సోఫా మీద పెట్టాక మనిషి కూర్చోడానికి చోటుందా? సోఫా వచ్చిన రోజు నుంచీ ఇద్దరం కిందే కూర్చుంటున్నాం. అంత డబ్బు పెట్టి కొన్నందుకు ఈయనైనా ఎక్కారా, అడగండి."

తోడల్లుడు ఫ్యాను వైపు చూశాడు.

"ఇంత కుదురుగా ఎలా తగ్గించారు మరిదిగారూ?"

మాస్టారు మంచం మీద లేచి కూర్చుని, మీసం మీది దూది దులుపుకున్నారు. "అంతా లెక్క ప్రకారమే వదినగారూ."

భార్య ఆయన వైపు చూసింది. ఈసారి నవ్వు ఆపుకుంది గానీ, కళ్లలో మెరిసిన ముచ్చట మాత్రం ఆపుకోలేకపోయింది. మాస్టారికి అది చాలు. పొద్దుటి నుంచి పడ్డ పాట్లన్నీ మరిచిపోయి, "మిగతా ఐదూ కూడా పంపించండి, ఇలాగే చేసిపెడతాను" అనేశారు.

మరుసటి ఆదివారం మాస్టారు కుట్టుకు పోయే గుడ్డ కూడా లెక్కలో వేసుకుని, ఒక్క తప్పూ లేకుండా ఐదు కవర్లు కుట్టారు. లావు కుషన్లు ఐదూ దూది పీకే పని లేకుండా వాటిలో సరిగ్గా పట్టేశాయి కాబట్టి, ఒక్కటీ పనికిరాలేదు.