దీపానికి క్యాజువల్ లీవు

"సూర్యుడి మీద ఆధారపడిన చివరి తరం మనదే కావాలి!"

వ్యవసాయ మంత్రి ఈ మాట ప్రకటించినప్పుడు సభ ఆరుబయట జరుగుతోంది. ఎండ మాడు పగలగొడుతోంది. జనం నెత్తి మీద కరపత్రాలు అడ్డం పెట్టుకుని ఉన్నారు. చప్పట్లు కొట్టాలంటే కరపత్రం వదలాలి, వదిలితే మాడు కాలుతుంది. అయినా కొట్టారు. ప్రజల త్యాగనిరతి అలాంటిది.

"మబ్బు పడితే సూర్యుణ్ణి అడిగే నాథుడున్నాడా? ఎప్పుడైనా సంజాయిషీ ఇచ్చాడా? అందుకే మా శాఖ భవనంలోనే, కిటికీ లేని గదిలో, దీపాల కింద వంద రోజుల్లో టమాటా పండించి చూపిస్తాం. ఆ దీపాలు రేయింబవళ్లు వెలుగుతూనే ఉంటాయి. నా పాలనలో చీకటికి చోటు లేదు!"

వేదిక వెనకాల నీళ్ల క్యాన్లు సర్దుతున్న తోటమాలిని ముందుకు లాగించి, మంత్రి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ పండుకి వెలుగు చూపించినవాణ్ణి పర్మనెంటు చేస్తాను. ఒక్క పోస్టు. ఇది నా మాట."

మాలి పదకొండేళ్లుగా టెంపరరీ. డైరెక్టరు గది బయట క్రోటన్ కుండీలకి నీళ్లు పోయడం అతని ఉద్యోగం. రేపు ఉంటానో ఉండనో అనుకుంటూ మనిషి పదకొండేళ్లు బతికితే ఆ అనుమానం నడకలో కూడా చేరుతుంది. అతను అడుగు పూర్తిగా ఆనించేవాడు కాదు. నేల కూడా ఎవరో అరువిచ్చినట్టు నడిచేవాడు. ఆ రోజు మాత్రం చెప్పులు టపటపలాడించుకుంటూ ఇల్లు చేరాడు.

"ఏంటయ్యో, చప్పుడు చేస్తున్నావ్?" అంది భార్య.

"పర్మనెంటు చేస్తారట."

"ఎవరన్నారు?"

"మంత్రిగారు. నా భుజం మీద చెయ్యేసి మరీ."

"అయితే చెప్పులు మెల్లగా వెయ్. ఆర్డరు వచ్చేదాకా అవి తెగకూడదు."

పాత ఫైళ్ల గది ఖాళీ చేసి, అరల మీద ఇరవై కుండీలు పెట్టారు. పైన ఊదారంగు దీపాలు బిగించారు. ఆ వెలుగులో ఆకులు నల్లగా, మనుషులు నీళ్లలోంచి తీసినట్టు కనిపించేవారు. డైరెక్టరు గారు రోజూ వచ్చి "అద్భుతం" అని, కళ్లు నులుముకుంటూ వెళ్లిపోయేవారు. గాలి ఆడని గదిలో పూత నిలవాలంటే పువ్వుల్ని కదపాలి. మాలి ఒక్కో గుత్తినీ వేలితో మీటేవాడు. మీటుతూ, తనకి తెలియకుండానే వాటితో మాట్లాడేవాడు. అతను మాట్లాడుతుంటే మధ్యలో లేచి వెళ్లిపోనివి ఆ భవనంలో అవే మరి.

నలభయ్యో రోజున ఆకులు రాలడం మొదలైంది. ఊదా వెలుగులో ఏ జబ్బూ తెలియదు. మాలి ఒక ఆకు వరండాలోకి తెచ్చి చూసుకున్నాడు. పసుపురంగుకి తిరిగి, పాలిపోయి ఉంది. దాన్ని పట్టుకుని డైరెక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"వీటికి చీకటి కావాలండీ. మొక్క కూడా నిద్రపోవాలి కదండీ. రోజూ కాసేపు దీపాలు ఆర్పేస్తే..."

డైరెక్టరు గభాలున లేచి తలుపు మూశారు. "మెల్లగా! అనాల్సిన మాటేనా అది? మంత్రిగారి పాలనలో చీకటి కావాలని ఫైల్లో రాస్తే నా సీటు ఉంటుందా?"

"మొక్కలు చచ్చిపోతాయండీ."

"చావడానికీ వీల్లేదు, ఆర్పడానికీ వీల్లేదు."

డైరెక్టరు ముప్పై ఏళ్లుగా ఫైళ్లు నమిలి అరిగించుకున్న మనిషి. కళ్లు మూసుకుని కాసేపు కూర్చున్నారు. తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది.

"దీపాలు డ్యూటీలో ఉన్నాయి కదయ్యా?"

"ఉన్నాయండీ."

"డ్యూటీలో ఉన్నవాళ్లకి సెలవుంటుందా, ఉండదా?"

ఆ మధ్యాహ్నానికి దరఖాస్తు తయారైంది. ఎడతెగని శ్రమ కారణంగా దీపాలకి క్యాజువల్ లీవు కోరడమైనది. ఏడాదికి పదిహేను రోజులు. హాఫ్ డే చొప్పున వాడుకుంటే ముప్పై పూటలు. దీపాల తరఫున మాలి సంతకం పెట్టాడు. పెట్టాక కలం తిరిగి ఇవ్వకుండా అలాగే నిలబడ్డాడు.

"ఇంకేంటి?"

"నాకెన్ని రోజులుంటాయండీ, సెలవు?"

"నువ్వు టెంపరరీవి కదయ్యా," అన్నారు డైరెక్టరు, ఎంతో ఆప్యాయంగా.

రోజు విడిచి రోజు, భోజనాల వేళ దాటాక దీపాలు సెలవు మీద వెళ్లేవి. మాలి తలుపు దగ్గరగా వేసుకుని మొక్కల మధ్య కూర్చునేవాడు. మొదట్లో కళ్లు మూసినా రెప్పల వెనక ఊదా మరకలు తిరిగేవి. పోను పోను అవి ఒక్కటొక్కటే కరిగిపోయి, నల్లటి చల్లదనం మిగిలేది. ఆ కాసేపూ అతన్ని ఎవరూ చూడరు. చూసేవాళ్లు లేనప్పుడు తను ఎవరి దయ మీదా బతకడం లేదని అతనికి అనిపించేది. అలా అనిపించినందుకు భయం కూడా వేసేది.

పంతొమ్మిది మొక్కలు పోయాయి. ఒకటి నిలిచింది. దానికి ఒకే ఒక్క కాయ. తొంభై ఎనిమిదో రోజున అది ఎర్రబడింది.

వందో రోజున మంత్రి పరివారంతో వచ్చారు. పండు మీద చెయ్యి వేసి నవ్వారు. ఫొటోగ్రాఫరు నాలుగుసార్లు నొక్కి, నాలుగుసార్లూ తల అడ్డంగా ఊపాడు.

"ఎరుపు రావట్లేదు సార్. క్షమించాలి, తమరు కూడా వంకాయ రంగులో పడుతున్నారు."

"మరి ఎరుపు ఎక్కడొస్తుందయ్యా?"

"ఎండలో సార్."

డైరెక్టరు గోడ చూస్తున్నారు. మంత్రి మాత్రం దార్శనికులు. "అయితే ఆలస్యమెందుకు? ఎండెక్కడుందో అక్కడికే పదండి," అన్నారు.

మాలి కుండీని చంటిపిల్లలా ఎత్తుకుని ఆవరణలోకి తెచ్చాడు. ఎండ తగలగానే పండు భగ్గుమంది. మంత్రి తెంపారు. ఫొటో పడింది. 'సూర్యుణ్ణి ఓడించిన టమాటా' అని మర్నాడు పత్రికల్లో మొదటి పేజీలో వచ్చింది. మంత్రి వచ్చారు, పండు వచ్చింది. పక్కనే ఇద్దరి నీడలూ స్పష్టంగా వచ్చాయి.

ప్రతిపక్షం నీడలు పట్టుకుంది. ఆ పూట వెలుగిచ్చిందెవరో చెప్పాలని లిఖితపూర్వకంగా అడిగింది.

డైరెక్టరు తొణకలేదు. దీపాల ఖాతాలో ఒక హాఫ్ డే మిగిలే ఉంది. ఆ పూట దీపాలు సెలవులో ఉన్నందున, వాటి స్థానంలో ఒక టెంపరరీని నియమించామని జవాబు రాశారు. వివరాల గడులు నింపక తప్పలేదు. పేరు: భాస్కరరావు. తండ్రి పేరు: కశ్యపయ్య. చిరునామా: తూర్పు వీధి.

ప్రతిపక్షం సంతృప్తి చెందింది.

వారం తిరక్కుండా మంత్రిగారి ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ఆయన ఆడిన మాట తప్పరు. పండుకి వెలుగు చూపించిన శ్రీ భాస్కరరావుని పర్మనెంటు చేయడమైనది. పోస్టు ఒక్కటే కనుక, అక్కడ పనిచేస్తున్న మరో టెంపరరీని నేటితో తప్పించడమైనది.

మాలి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి వెనక్కి తిప్పి చూశాడు. తన పేరు అటువైపు ఉంటుందేమోనని.

"ఈ భాస్కరరావు ఎవరండీ?"

డైరెక్టరు చూపు తిప్పుకున్నారు. "ఉన్నాడయ్యా. ఫైల్లో ఉన్నవాడు బయట లేకుండా ఎలా ఉంటాడు? ఇది చేరలేదని తిరిగి వెళ్లిందంటే నా మెడకి చుట్టుకుంటుంది. ఈ ఒక్క పని చేసిపెట్టి వెళ్లు. అతని చేతికి ఇచ్చి రా."

మాలి ఆవరణలోకి నడిచాడు. నేల మీద ఆర్డరు పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎండ ఒక్కో అక్షరం మీదుగా పాకుతూ కింద సంతకం దాకా వచ్చింది. ఒకసారి తలెత్తి పైకి చూడబోయాడు. కళ్లు నిలవలేదు. మళ్లీ కాగితం వంకే చూస్తూ, లోపల్నించి పొంగుకొచ్చేది ఏడుపో నవ్వో తేలేదాకా అక్కడే ఉన్నాడు.

తిరిగి వచ్చేసరికి డైరెక్టరు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఇచ్చావా?"

"ఇచ్చానండీ."

"తీసుకున్నాడా?" ఆయన గొంతులో నిజమైన ఆత్రం.

"తీసుకున్నాడండీ. చాలా సంతోషించాడు."

"ఏమైనా అన్నాడా?"

మాలి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇక పర్మనెంటు కదా, రేపట్నుంచి పదిన్నరకి వస్తానన్నాడండీ."